ఆమోదించిన చెత్తబండి పాట

మా ఊరి పేరు చెప్పను. చెబితే నన్ను బదిలీ చేస్తారన్నది కాదు నా భయం, బదిలీ చేసిన చోట కూడా ఇదే పని అప్పగిస్తారని. గోదావరి కాలవ పక్కన ఒక మోస్తరు మునిసిపాలిటీ అనుకోండి. అందులో జనన మరణాల విభాగంలో నేను జూనియర్ అసిస్టెంటుని. పేరు ఉమాపతి. పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ సర్టిఫికెట్లు రాసిచ్చే నాకు, సంగీతంతో ఉన్న సంబంధం ఒక్కటే. చెవులు రెండూ పూర్తిగా మూసేసే పెద్ద హెడ్‌ఫోన్ ఒకటి నా దగ్గరుంది. అది పెట్టుకుని కూర్చుంటే కౌంటరు దగ్గర జనం ఎంత పిలిచినా వినబడదు. అందుకే కొన్నాను. దాన్ని చూసి ఆఫీసంతా నన్ను ధ్వని శాస్త్రవేత్తగా నిర్ధారించేసింది. నేను కాదనలేదు. మనిషన్నాక ఏదో ఒక శాస్త్రంలో పేరు రావాలి కదా.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి మునిసిపాలిటీ తన చెత్తబండికి సొంత పాట తయారు చేసుకోవాలి, దాన్ని సొంత ఉద్యోగులే పాడి, వాయించాలి, అదీ "వృత్తిపరమైన ధ్వని నాణ్యతతో" ఉండాలి. అద్దె గొంతులు పనికిరావు. మా కమిషనర్ గారు అప్పుడే ఏదో నగరంలో శిక్షణ ముగించుకుని వచ్చారు. అక్కడెవరో ఆయనకి ఒకే పాటని ముందు మామూలుగా, తర్వాత కంప్యూటర్లో శుద్ధి చేసి వినిపించారట. అప్పట్నుంచీ ఆయనకి ఏది కనబడినా శుద్ధి చెయ్యాలనిపిస్తోంది, మంచినీళ్ళ ట్యాంకు ఒక్కటి తప్ప.

"ఉమాపతీ, ప్రాసెసింగ్ అనేదే భవిష్యత్తు" అన్నారు నన్ను గదిలోకి పిలిచి. "ధ్వనిని సక్రమంగా ప్రాసెస్ చేసినట్లయితే పౌరుల సంతృప్తి స్థాయి దానంతటదే పెరుగుతుంది. నువ్వు చేయగలవా?"

"తప్పకుండా సార్" అన్నాను. ఏమిటో తెలియని పనికి 'తప్పకుండా' అనడం మా సర్వీసులో మొదట నేర్చుకునే విద్య.

మర్నాటికల్లా నేను ఇన్‌చార్జి ధ్వని అధికారిని అయిపోయాను. జనన మరణాలు అదనపు బాధ్యతగా మారాయి. ఉద్యోగులతో 'పురధ్వని' అనే బృందం ఏర్పడింది. ఇంజనీరింగ్ విభాగం పెద్ద, డి.ఇ. పరంజ్యోతి గారు డ్రమ్ములు. పన్నుల విభాగం పెద్ద, రెవెన్యూ ఆఫీసరు వీరభద్రం గారు కీబోర్డు. పరంజ్యోతి గారు వాయిస్తుంటే పక్కన రోడ్డు వేస్తున్నట్టుంటుంది. వీరభద్రం గారు ఎంత మధురమైన రాగమెత్తుకున్నా అందులో బకాయి నోటీసు వినిపిస్తుంది. కార్ల షెడ్డులో నీడ ఎవరికన్న తగాదాతో ఇద్దరికీ మాటల్లేవు. పాట రాసింది నేనే.

"తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు
తలుపు తియ్యండమ్మ, మా బండి చేరె."

దీన్ని చదివి నాకు నేనే చాలాసేపు తలూపుకున్నాను.

పాడటానికి మాత్రం ఆఫీసులో ఎవరి గొంతూ పనికిరాలేదు. అప్పుడు చెత్తబండి డ్రైవరు గంగరాజు నూకరత్నాన్ని తీసుకొచ్చాడు. ఆమె కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. బండి వెనక నిలబడి "చెత్తండోయ్... చెత్తా" అని పిలిచిందంటే మూడో అంతస్తులో నిద్రపోతున్నవాడు కూడా బకెట్టుతో దిగొచ్చేవాడు. కానీ ఆరోజు ఆమె నాతో మాట్లాడింది గుసగుసగానే.

"గొంతులో బొబ్బల్లాంటియి లేచేయంటండి బాబుగారూ. అరవడం మానకపోతే గొంతే పోద్దన్నారండి డాక్టరు గారు. ఒక్కసారి మెల్లిగా పాడితే పర్లేదంటండి, రోజూ అరవకూడదంట. అరవకపోతే మా పనోళ్ళ మేస్త్రీ గారు బండెక్కనివ్వరు. ఇంకో మనిషిని పెట్టేసుకుంటానంటన్నారు. ఈ పాటేదో నా గొంతుతో పడిపోతే, ఇంక నేనరవక్కర్లేదు కదండీ?"

"అక్కర్లేదు. నీ బదులు పాటే అరుస్తుంది. పూచీ నాది" అన్నాను. పెద్ద హెడ్‌ఫోన్ మెళ్ళో ఉన్నప్పుడు మాట ఇవ్వడం చాలా తేలిక.

రికార్డింగు మా రికార్డు రూములో చేశాం. నేల నుంచి పైకప్పుదాకా పాత దస్త్రాలు ఉండటం వల్ల అందులో ప్రతిధ్వని అనేదే రాదు. ఇన్నేళ్ళుగా పౌరుల విన్నపాలన్నీ మింగి అలవాటుపడ్డ గది, మా డ్రమ్ముల మోతనీ అలాగే మింగేసింది. నూకరత్నం కళ్ళు మూసుకుని, చెయ్యి గొంతు మీద ఆనించుకుని, మెత్తగా పాడింది. చుట్టూ ఉన్న మేమంతా ఎందుకో నిటారుగా కూర్చున్నాం.

ఆ సాయంత్రం విడివిడిగా పట్టిన గొంతునీ వాద్యాల్నీ కంప్యూటర్లో ఒకచోట కలిపాను. ఏది ఎంత వినబడాలో అంత ఉంచి కలపడమే మిక్సింగంటే. కూరలో ఉప్పూకారం చూసుకున్నట్టే. ఆమె గొంతు ముందుంచి, మిగతావన్నీ వెనక్కి జరిపి, ఫోనులో వినిపించాను. "నేనేనాండీ?" అని అడిగి మళ్ళీ పెట్టమంది. నిజం చెబుతున్నాను, పాట చాలా బాగుంది. అదే పూట దాన్ని బండికెక్కిస్తే అందరం సుఖపడేవాళ్ళం. కానీ అందులో ప్రాసెసింగ్ ఏదీ? ఇంత తేలిగ్గా అయిపోతే ధ్వని అధికారి ఎందుకు? నాకే వెలితిగా అనిపించి ఆమోద సంఘానికి పంపాను.

సంఘంలో ఉన్నది వాయించినవాళ్ళే. పాట పూర్తయ్యాక పరంజ్యోతి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"గాయకురాలి ధ్వని నా డ్రమ్ముల కంటే పై స్థాయిలో ఉన్నట్లు గమనించడమైనది. కాంట్రాక్టు ఉద్యోగి ధ్వని గెజిటెడ్ అధికారి ధ్వనిని మించడానికి ఏ నిబంధన కింద అనుమతించారు?"

"డ్రమ్ములు కూడా నా కీబోర్డుని మించే ఉన్నాయి" అన్నారు వీరభద్రం గారు గోడతో. "మునిసిపాలిటీకి ఆదాయం తెచ్చేది మా విభాగం. మోత మోగించేది ఇంకొకరు."

నేను వెంటనే లేచి, హోదాల ప్రకారం ధ్వని సీనియారిటీ జాబితా తయారు చేసి తెస్తానన్నాను. ఎవరూ అడగలేదు, నాకే తట్టింది. ఎవరు ముందు సర్వీసులో చేరితే వారి వాద్యం అంత గట్టిగా. తాళాలు వాయించే అటెండరు పర్మినెంటు కనుక తాళాలు కూడా నూకరత్నం కంటే పైనే. రెండో మీటింగులో పాట విన్న కమిషనర్ గారు "మాటలు ఎక్కడున్నాయి?" అని అడిగారు.

"కింద ఉన్నాయి సార్. జాబితా ప్రకారం."

అప్పుడే ఊరుకుని ఉండాల్సింది. కానీ శాస్త్రవేత్తని కదా, స్టీరియో గురించి వివరించాను. గట్టిగా, మెల్లిగా అన్నది ఒక్కటే దారి కాదనీ, రెండు స్పీకర్లుంటే కొన్ని శబ్దాల్ని ఎడమకి, కొన్నిటిని కుడికి, కొన్నిటిని మధ్యకి సర్దవచ్చనీ చెప్పాను. పాటలో ఖాళీ స్థలం ఉందని తెలిసేసరికి సభ్యుల ముఖాలు ఒక్కసారిగా వెలిగాయి. అరగంటలో కేటాయింపులు ముగిశాయి. ఎడమ వైపు ఇంజనీరింగుకి, కుడి వైపు రెవెన్యూకి. మధ్యస్థానం కోసం ఇద్దరూ పోటీపడ్డారు గానీ కమిషనర్ గారు దగ్గడంతో ఇద్దరూ విరమించుకున్నారు. ఆయన అక్కడికక్కడే తన సందేశాన్ని రికార్డు చేయించారు.

"ప్రియమైన పురప్రజలారా, ఘన వ్యర్థముల సుస్థిర నిర్వహణా దృక్పథములో భాగస్వాములు కావలసినదిగా ఇందుమూలముగా కోరడమైనది."

ఇక మిగిలింది నూకరత్నం. ఆమెని ఎడమ పెడితే రెవెన్యూ ఒప్పుకోదు. కుడిన పెడితే ఇంజనీరింగ్ ఊరుకోదు. మధ్యన పెట్టడానికి కమిషనర్ గారు "వ్యక్తిగతంగా నాకు అభ్యంతరం లేదు, ప్రోటోకాల్ అంగీకరించదు" అన్నారు. చివరికి తీర్మానం ఇలా రాశారు: "గాయకురాలి గాత్రము ఎడమనుగాని, కుడినిగాని, మధ్యనుగాని ఉండరాదు. అయినను అది స్పష్టముగా వినబడవలెను. తగు చర్య నిమిత్తము ధ్వని అధికారికి."

ఇంకెవరైనా అయితే రాజీనామా చేసేవారు. నేను పొంగిపోయాను, ఎందుకంటే నాకు దారి తెలుసు. ఎప్పుడో ఒక వీడియోలో చూశాను. ఒకే గొంతుని రెండు స్పీకర్లకీ ఇచ్చి, ఒకదానిలో మాత్రం తలకిందులు చెయ్యాలి. ఎడమ స్పీకరు గాలిని ముందుకు తోస్తున్నప్పుడు కుడిది వెనక్కి లాగుతుంది. అప్పుడు గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరూ వేలెత్తి చూపించలేరు. ఆ వీడియో చివర్లో ఏదో హెచ్చరిక ఉందట. వీడియోని చివరిదాకా ఎవరు చూస్తారు?

కౌన్సిల్ హాల్లో మనిషెత్తు స్పీకర్లు రెండు పెట్టి వినిపించాను. ఎడమ నుంచి డ్రమ్ములు, కుడి నుంచి కీబోర్డు, నడుమ కమిషనర్ గారి సందేశం. వాటన్నిటి మధ్యా నూకరత్నం గొంతు, గదిలో ఎక్కడో తేలుతూ, చెవుల వెనక నుంచి పలుకుతూ. కమిషనర్ గారు కళ్ళు మూసుకున్నారు.

"ఉమాపతీ, ఆమె ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు సార్."

"కానీ అంతటా ఉంది!"

చప్పట్లు మోగాయి. పరంజ్యోతి గారూ వీరభద్రం గారూ ఒకే కాగితం మీద సంతకం చెయ్యడం ఆఫీసు చరిత్రలో అదే మొదలు. ఆమోదిత ప్రతిని లక్క ముద్ర వేసి బీరువాలో పెట్టారు. గుమ్మం దగ్గర నిలబడి విన్న నూకరత్నం నా దగ్గరికొచ్చి, "బండి మీద కూడా ఇలాగే వత్తదాండీ?" అని అడిగింది.

"ఇంకా బాగా వస్తుంది" అన్నాను. బండి దగ్గరికి వెళ్ళి చూద్దామని మాత్రం తట్టలేదు. చెత్తబండి దగ్గర వాసన కదా.

ప్రారంభోత్సవం రోజు కమిషనర్ గారు జెండా ఊపారు. బండి నెత్తిన ఉన్నది ఒకే ఒక్క హారను, జాతర్లలో మైకుకి కట్టే రేకు బూర. పాట మొదలైంది. డ్రమ్ములు మోగాయి. కీబోర్డు మోగింది. కమిషనర్ గారి సందేశంతో ఊరంతా దద్దరిల్లింది. నూకరత్నం గొంతు మాత్రం లేదు. తగ్గడం కాదు, బొత్తిగా లేదు. రెండు స్పీకర్ల శబ్దమూ ఒకే బూరలోకి వెళ్ళేసరికి, ఒకటి తోస్తున్న గాలిని రెండోది అంతే బలంగా లాగేసింది. ఆమె గొంతుని ఆమె గొంతే మింగేసింది. వీడియో చివర్లో ఉన్న హెచ్చరిక ఇదేనని ఆ క్షణంలో, ఎవరూ చెప్పకుండానే, నాకు అర్థమైంది.

వీధిలో తలుపులు తెరుచుకోలేదు. తెరిచి ఉన్నవి కూడా మూసుకున్నాయి. ఒక పెద్దాయన కిటికీలోంచి తొంగిచూసి, "ఏ పార్టీవాళ్ళండీ? మేం ఓటు ఎప్పుడూ వేసేవాళ్ళకే వేస్తాం" అని కిటికీ వేసుకున్నాడు. బండి ఖాళీగా రెండు వీధులు దాటింది. మేస్త్రీ సైకిలు మీద ఎదురొచ్చాడు.

"ఏంటే నూకరత్నం, మూగనోము పట్టేవా? అరవ్వే!"

నూకరత్నం నా వైపు ఒక్కసారి చూసింది. తల తిప్పుకుని, "చెత్తండోయ్" అని అరిచింది. మరో సందు తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నేను కరెంటు స్తంభం చాటున నిలబడి ఇదంతా చూశాను. నాకు చాలా సిగ్గేసింది. మెళ్ళో హెడ్‌ఫోన్ తీసి సంచీలో పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అత్యవసర సమావేశం జరిగింది.

"ఒక్క బొత్తాం నొక్కితే సరిపోతుంది సార్. గొంతుని మధ్యకి తెచ్చేస్తాను" అన్నాను.

"మధ్యకా?" అన్నారు కమిషనర్ గారు. "చూడు ఉమాపతీ, ఆమోదించిన ప్రతిని మార్చాలంటే ముందుగా ఆమోదం పొరపాటని నిర్ధారించాలి. పొరపాటని నిర్ధారించాలంటే సంతకాలు చేసినవారిపై విచారణ జరగాలి. విచారణాధికారిని నేనే. నేనూ సంతకం చేశాను."

"పోనీ బూరకి రెండు తీగలు ఎందుకు సార్? ఎడమ తీగ ఒక్కటే ఉంచి రెండోది పీకేస్తే గొంతు వినబడుతుంది."

వీరభద్రం గారు లేచి నిలబడ్డారు. "కుడి తీగ పీకడమంటే రెవెన్యూ విభాగం నోరు నొక్కడమే! రేపట్నుంచి మా వాళ్ళు పెన్ డౌన్ చేస్తారు."

కుడిది ఉంచి ఎడమది పీకుదామంటే పరంజ్యోతి గారు అంతకంటే ముందే లేచి నిలబడి ఉన్నారు. వీధి దీపాలు ఆర్పేస్తానన్నారు.

చాలాసేపు ఆలోచించి కమిషనర్ గారే మార్గం కనిపెట్టారు. రెండు స్పీకర్ల పాటకి ఒకే బండి ఉండటమే లోపం. ఎడమ ధ్వనికి ఒక బండి, కుడి ధ్వనికి ఒక బండి, రెండూ పక్కపక్కన నడవాలి. పౌరుడు తన గుమ్మంలో నిలబడి వినాలి. దీనికి 'స్టీరియో సేకరణ' అని పేరు పెట్టారు.

మర్నాడు ఉదయం రెండు బండ్లు పక్కపక్కనే మా ఊరి సందుల్లోకి ప్రవేశించాయి. మా సందుల్లో ఒక బండి పట్టడమే గొప్ప. గోడకి ఆనించిన స్కూటర్లు పడ్డాయి. పాలవాడు వెనక్కి తిరగలేక పాలన్నీ అక్కడే అమ్మేశాడు. ఎడమ బండి ఒక ఇంటి దగ్గర ఆగితే కుడి బండి ముందుకు పోయింది. దాంతో ఒక బండిలో కమిషనర్ గారు "కోరడమైనది" అంటుంటే, రెండో బండిలో కమిషనర్ గారు "ప్రియమైన పురప్రజలారా" అని అప్పుడే అందుకుంటున్నారు. ఇద్దరు కమిషనర్లు పోట్లాడుకుంటున్నారని జనం మేడలెక్కి చూశారు. ఆ రభసలో నూకరత్నం పాట ఉన్నా ఎవరి చెవినా పడలేదు. చెత్త మాత్రం ఒక్కరూ తేలేదు. మూడో మలుపులో రెండు బండ్లూ ఇరుక్కుని, మా ఇంజనీరింగ్ విభాగమే వచ్చి ఒక అరుగు పగలగొట్టి వాటిని విడదీయాల్సి వచ్చింది. స్టీరియో సేకరణ ఆ అరుగుతోనే ముగిసింది, మళ్ళీ ఒకే బండి.

సాయంత్రం మేస్త్రీ కమిషనర్ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పాటకేం లోటు లేదండి అయ్యగారూ. ఆ నూకరత్నానికే గొంతు పోయిందండి. రేపట్నుంచి ఇంకో మనిషిని ఎక్కించేత్తాను."

లోపం పాటలో కాక మనిషిలో ఉందనేసరికి అందరూ హాయిగా కుర్చీల్లో వెనక్కి వాలారు. పరంజ్యోతి గారూ వీరభద్రం గారూ ఒకేసారి తలూపారు. కమిషనర్ గారు కలం తీశారు. నాకు తెలియకుండానే నేను లేచి నిలబడ్డాను.

"ఆవిడ గొంతుది తప్పు కాదు సార్. ఆ గొంతు పాటలోనే ఉంది. నేనే అందులో దాన్ని చంపేశాను. ఆవిడని తీసెయ్యడానికి వీల్లేదు. తీస్తే నన్ను తియ్యండి."

మా ఆఫీసులో ఒక మనిషి తప్పు తనదని ఒప్పుకోవడం ఎవరూ ఎరగరు. దాన్ని ఏ నిబంధన కింద పరిశీలించాలో ఎవరికీ తోచలేదు. కమిషనర్ గారు మాత్రం "అయితే ఖాళీకి కారకుడివి నువ్వే" అని కలం కాగితం మీద పెట్టారు. ఉత్తర్వు అప్పుడే వచ్చింది.

"ఆమోదిత పాటయందు ఏర్పడిన గాత్ర ఖాళీని, సదరు ఖాళీకి కారకుడైన ఉద్యోగియే, ప్రతిదినము బండి వెనుక నిలబడి, స్వయముగా పాడి పూరించవలెను. సదరు గాత్రము ఎడమకుగాని, కుడికిగాని మొగ్గరాదు. కాంట్రాక్టు కార్మికురాలు యథాస్థానమున కొనసాగును."

మొదటి రోజు నేను "తడి చెత్త వేరు" అని ఎత్తుకోగానే ఎదురింటి ఆవిడ చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "ఎవరికేమైందండీ?" అంది. ఆ పక్కింటివాళ్ళూ వచ్చారు, పై వాటావాళ్ళూ వచ్చారు. ఎలాగూ బయటికొచ్చాం కదా అని చెత్త తెచ్చి పోశారు. నా గొంతుకి ఆ గుణముంది. అది విన్నవాళ్ళు ఇంట్లో ఉండలేరు. నా పాట నేనే రాసి, నేనే పాడుతున్నా, వినేవాళ్ళ ముఖాల్లో జాలి తప్ప మరేమీ కనబడలేదు. వారం తిరిగేసరికి బండి నిండి పొర్లుతోంది. నూకరత్నం డ్రైవరు పక్కన కూర్చుని, మాట్లాడకుండా, సందు మలుపు రాగానే చేత్తో సైగ చేస్తుంది. నేను అరుస్తాను.

సేకరణ పెరిగిన సంగతి కమిషనర్ గారు పైకి రాశారు. "అధునాతన ధ్వని ప్రక్రియ ఫలితముగా" అని రాశారు. దాంతో రెండు నెలలకి పక్క మునిసిపాలిటీ నుంచి నలుగురు అధికారులు అధ్యయనానికి వచ్చారు. కౌన్సిల్ హాల్లో పెద్ద స్పీకర్ల మీద పాట విని మైమరచిపోయి, ఆమోదిత ప్రతికి నకలు అడిగి తీసుకున్నారు. తర్వాత క్షేత్రస్థాయి పరిశీలన అంటూ ముక్కులకి రుమాళ్ళు కట్టుకుని మా బండి వెంట నడిచారు.

వాళ్ళ నాయకుడు కాసేపు బూర వైపు చెవి పెట్టి, నుదురు ముడేసి, నూకరత్నం దగ్గరికొచ్చాడు.

"ఈ పాట పాడింది మీరేనటగా? ఏదీ మీ గొంతు? వినబడదే?"

నూకరత్నం చెయ్యెత్తి నన్ను చూపించింది. అప్పుడే సందు మలుపు వచ్చింది కాబట్టి నేను గుండెలనిండా గాలి పీల్చుకుని అరిచాను. అధికారులు నలుగురూ ఒకడుగు వెనక్కి వేశారు. ఇళ్ళల్లోంచి జనం పరుగున వచ్చారు.

"అద్భుతం" అన్నాడాయన, నన్ను పైనుంచి కిందిదాకా పరిశీలిస్తూ. "పాటతోపాటు ఇలాంటి గుమస్తా కూడా ఒకడు ఉండాలన్నమాట. మా జనన మరణాల సీట్లో ఉన్నాడు ఒకడు, చెవులకి ఎప్పుడూ ఏదో తగిలించుకుని కూర్చుంటాడు."

నూకరత్నానికి నవ్వాగలేదు. నవ్వు గట్టిగానే వచ్చింది. బొంగురు లేదు.